దూరాన నిలిచి చెప్పిన వందనాలు



మొన్న మందిరంలో బీరువా సర్దుతుంటే పాత ఆరాధన రిజిస్టరు ఒకటి చేతికి వచ్చింది. ప్రతి ఆదివారం ఎంతమంది వచ్చారు, ఏ వాక్యభాగం చదివాము, కానుక ఎంత వచ్చింది అని మన సంఘ సెక్రటరీ గారు రాసి పెట్టే పుస్తకమే. 2020 మార్చి 15 దాకా వరుసలు నిండుగా ఉన్నాయి. ఆ కింద స్కేలు పెట్టి కొట్టిన అడ్డగీత ఒకటి. గీత కింద జూన్ 14. మధ్యలో ఏమీ లేదు. 12 ఆదివారాలు ఆ ఒక్క గీతలోకి పోయాయి. మట్టల ఆదివారం, ఈస్టర్ కూడా అందులోనే ఉన్నాయి.

సండే స్కూల్ పిల్లలకు ఆ పేజీ చూపించి, ఒకప్పుడు మన మందిరానికి తాళం పడింది అని చెప్పాము. "ఎవరు వేసిన్రు?" అని ఒక పిల్లవాడు అడిగాడు. మేమే వేశాము అన్నాము. వాడు మమ్మల్ని చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు. ఆ పిల్లలలో కొందరు అప్పటికి పుట్టనే లేదు. మరికొందరు తల్లి ఒడిలో ఉన్నారు. అందుకని ఈ వారం వాక్యధ్యానానికి బదులు ఆ గీత కింద ఉన్న చరిత్ర రాస్తున్నాము. అక్కడక్కడ పాత కాలాలకూ పోయి వస్తాము. కొంచెం ఓపిక పట్టండి.

2020 జనవరి 30న కేరళలో మన దేశపు మొదటి కరోనా కేసు బయటపడింది. మార్చి 2న తెలంగాణలో మొదటి కేసు. అప్పటికి కొడిమ్యాలలో మనకు అది టీవీలో వచ్చే వార్త మాత్రమే. మార్చి నడిమిలో కరీంనగర్‌లో వైద్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి జ్వరాలు చూస్తున్నారని తెలిశాక గుండెలో దడ మొదలైంది. కరీంనగర్ అంటే మనకు సామాన్ల కోసం, దవాఖాన కోసం పొద్దున పోయి మాపటికి వచ్చే ఊరు కదా. మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. దేశమంతా 14 గంటలు పాటిస్తే మన రాష్ట్రంలో 24 గంటలన్నారు. ఆ రాత్రితోనే అయిపోతుందనుకున్నాము. అదే సాయంత్రం రాష్ట్రంలో లాక్‌డౌన్ ప్రకటించారు. 25 నుంచి దేశమంతా మూతపడింది.

తాళం వేసే ముందు సంఘంలో జరిగిన వాదన ఇప్పుడు ఎవరూ చెప్పుకోరు గానీ, మాకు బాగా గుర్తుంది. మన పెద్దలలో ఒకాయన గేటు దగ్గర నిలబడి, "అయ్యగారూ, కలరా వచ్చిన్నాడు గూడ మా తాతలు ప్రార్థన బంద్ పెట్టలె. గిప్పుడు మీరెట్ల పెడ్తున్నరు? మీకు విశ్వాసం లేదా?" అన్నారు. ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. పోలీసులు చెప్పారు అన్నాము. అది చాలా బలహీనమైన జవాబని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

తరువాత ఇంట్లో కూర్చుని పాత పుస్తకాలు తిరగేశాము. 1527 ఆగస్టులో జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌కు ప్లేగు వచ్చింది. అక్కడి విశ్వవిద్యాలయాన్ని జేనా అనే ఊరికి తరలించారు. మార్టిన్ లూథర్ గారిని కూడా వెళ్లిపొమ్మన్నారు. ఆయన వెళ్లలేదు. భార్య కేథరిన్ గర్భవతి, ఇంటి నిండా రోగులు. ఆ రోజుల్లోనే బ్రెస్లావ్ ఊరి పాస్టర్ యోహాన్ హెస్ నుంచి ఒక ప్రశ్న వచ్చింది: మరణకరమైన తెగులు వచ్చినప్పుడు క్రైస్తవుడు పారిపోవచ్చునా? లూథర్ గారు పెద్ద ఉత్తరమే రాశారు. సంఘ కాపరులు, ఊరి అధికారులు, రోగులను చూసుకోవలసినవారు తమ జనాన్ని విడిచి పోకూడదన్నారు. మిగతావారు తమ పొరుగువానికి దిక్కుంటే వెళ్లవచ్చు, తప్పులేదన్నారు. అంతటితో ఆగలేదు. మందు తీసుకోకుండా, జాగ్రత్త పడకుండా, ధైర్యం చూపించడానికి ఊరంతా తిరిగేవారిని గట్టిగా మందలించారు. ఇంటికి పొగ వేయండి, మందు వాడండి, మన అవసరం లేని చోటికి పోకండి, మన వలన ఇంకొకరికి అంటి చస్తే ఆ లెక్క మనమే అప్పగించాలి అని ఆ ఉత్తర సారాంశం.

ఇదంతా ఆ పెద్దాయనకు ఫోన్‌లో చదివి వినిపించాము. ఓపికగా విని, "మంచిగనే చెప్పిండు. కని ఆయన గుడి బంద్ పెట్టిండా?" అన్నారు. పెట్టలేదు. ఆ మాట ఒప్పుకోక తప్పలేదు.

గుడి మూసినవారి కథ ఇంగ్లాండులోని ఈయమ్ అనే పల్లెలో దొరికింది. ఇది సిరిసిల్ల వైపు మనవాళ్లు ప్రత్యేకంగా వినాలి, ఎందుకంటే అక్కడికి తెగులు బట్టల మూటలో వచ్చింది. 1665లో లండన్ నుంచి ఆ ఊరి దర్జీ ఇంటికి గుడ్డల పార్శిల్ వచ్చింది. తడిగా ఉందని పొయ్యి దగ్గర ఆరబెట్టారట. విప్పిన పనివాడు సెప్టెంబరులో కొద్ది రోజులకే చనిపోయాడు. మరుసటి వేసవికి ఇంటింటా చావే. ఆ ఊరి పాస్టర్ విలియం మాంపెసన్ యువకుడు, ఊరికి కొత్త. జనం ఆయన మాట అంతగా వినేవారు కాదు. అంతకు ముందున్న పాస్టర్ థామస్ స్టాన్లీ వేరే పక్షంవాడు, పదవి పోగొట్టుకున్నవాడు. ఆ ఇద్దరూ తమ తగాదా పక్కన పెట్టి ఒక్కటై జనాన్ని అడిగారు: మనం ఊరు దాటి పోతే చుట్టుపక్కల ఊళ్లన్నీ చస్తాయి, ఉండిపోదామా? జనం ఉండిపోయారు. గుడికి తాళం వేసి, ఊరి పక్కన లోయలో ఆరుబయట ఆరాధన పెట్టుకున్నారు. కుటుంబం కుటుంబానికీ మధ్య ఎడం వదిలి నిలబడేవారు. పొరుగూళ్లవారు పొలిమేర రాయి దగ్గర తిండి సామాను పెట్టి పోతే, వీళ్లు డబ్బులు సిర్కాలో వేసి అక్కడ ఉంచేవారు. సుమారు 260 మంది చనిపోయారు. మాంపెసన్ గారి భార్య కేథరిన్ కూడా 1666 ఆగస్టులో పోయింది. ఇప్పటికీ ఏటా ఆగస్టు చివరి ఆదివారం అదే లోయలో కూడుకుని వారిని తలుచుకుంటారు.

ఇది విన్న తరువాత మన పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. "పొలిమేర కాడ బువ్వ పెట్టిన్రా" అని మాత్రం అన్నారు. ఆ మాట ఎందుకు గుర్తుపెట్టుకున్నామో తరువాత చెబుతాము.

ఇక ఆయన తాతల నాటి మాట. మన నేల మీద అంతకన్నా పెద్ద తెగులే నడిచింది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా బొంబాయి రేవులో దిగి రైళ్ల వెంట దేశమంతా పాకింది. ఎండాకాలంలో వచ్చింది తేలికగా పోయింది, సెప్టెంబరు తరువాత వచ్చిన రెండో అల ప్రాణాలు తీసింది. ఆ ఏడే వానలు కూడా ఎగ్గొట్టాయి. జనాభా లెక్కలు చూడండి: 1911లో నిజాం రాజ్యంలో 1 కోటి 33 లక్షల 74 వేల మంది, 1921లో 1 కోటి 24 లక్షల 71 వేల మంది. పదేళ్లలో పెరగవలసింది పోయి 9 లక్షలు తగ్గారు. ఆ తగ్గినవారిలో మన కరీంనగర్ జిల్లా పల్లెల వాళ్లూ ఉన్నారు. మెదక్‌లో పెద్ద గుడి కడుతున్న రోజులవి. 1914లో పని మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. తెగులూ కరువూ ఆ పదేళ్ల నడుమనే వచ్చి పోయాయి, రాయి మీద రాయి లేస్తూనే ఉంది. కరువులో ఆ గుడి పని ఎందరికో కూలీ గింజలిచ్చిందని ఆ వైపు పెద్దలు చెప్పుకుంటారు. మెదక్ గుడికి పోయినప్పుడల్లా పిల్లలకు గోపురం ఎత్తు, రంగుల అద్దాలు చూపిస్తాము. ఈసారి పోతే ఈ లెక్క కూడా చెప్పాలి.

సరే, మన సంగతికి వద్దాం.

లాక్‌డౌన్ మొదటి వారం మేము చేసిన పని శుద్ధ పొరపాటు. పట్నం సంఘాలను చూసి యూట్యూబ్‌లో లైవ్ పెట్టాము. చూసినవారు ఎందరో మీకు తెలుసు, అందులో మా ఇంట్లోవాళ్లే ఎక్కువ. మన సంఘంలో సగం ఇళ్లలో కీప్యాడ్ ఫోన్లే. టచ్ ఫోన్ ఉన్న ఇంట్లో నెట్ బ్యాలెన్స్ పిల్లల చేతిలో ఉంటుంది. రెండో వారం మన స్త్రీల సమాజం అక్కలే దారి చూపించారు. ఒక ఫోన్‌లో కాన్ఫరెన్స్ కలిపితే ఐదుగురు వస్తారు. మేము ఐదుగురిని కలిపితే, వాళ్లు విన్నది తలా ఐదుగురికి చెప్పాలి. రాత్రి ఏడు గంటలకు మొదలైతే తొమ్మిదింటికల్లా చివరి ఇంటికి చేరేది. చేరేసరికి వాక్యం కొంచెం మారేది కూడా. మేము యోనా గురించి చెబితే ఆఖరి ఇంట్లో నోవహు అయి ఉండేది. అయినా ఆ గొలుసులో ఒక మంచి ఉంది. వాక్యంతో పాటు వార్త కూడా వెనక్కి నడిచేది: ఫలానా ఇంట్లో బీపీ గోలీలు అయిపోయినయి, ఫలానా ముసలమ్మకు బియ్యం ఉన్నయి గాని నూనె లేదు. మందిరంలో ప్రతి వారం చేతులు కలిపి వందనాలు చెప్పుకున్న రోజుల్లో మాకు తెలియని సంగతులు ఎన్నో ఆ ఫోన్లలోనే తెలిశాయి. ఇది మా కాపరి పనికి గొప్ప కాదు, కానీ నిజం.

బీడీల పని ఆగిపోయింది. తునికాకు లేదు, తంబాకు లేదు, కార్ఖానా బంద్. ఏళ్ల తరబడి చాట ఒడిలో పెట్టుకుని కూర్చున్న అక్కలకు చేతులు ఏం చేసుకోవాలో తోచలేదు. సిరిసిల్లలో మగ్గాల చప్పుడు ఆగితే నిద్ర పట్టడం లేదని అక్కడికి కోడలుగా పోయిన మన బిడ్డ ఒకరు ఫోన్‌లో చెప్పింది. ప్రభుత్వం రేషన్ కార్డు మీద మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1500 రూపాయలు ఇచ్చింది. మన ఆడవాళ్లకు అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి దేవుని డబ్బాలో వేసే అలవాటు ఎప్పటి నుంచో ఉంది కదా. ఆ రేషన్ బియ్యంలోంచి కూడా పిడికెడు తీశారు. మేము వద్దన్నాము. "వద్దంటే ఎట్ల అయ్యగారూ, ఇయ్యాల వండలేదా మేము?" అని ఒక పెద్దమ్మ మమ్మల్నే గద్దించింది. ఆ బియ్యం మూటగట్టి ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చి చిక్కుకుపోయిన కుటుంబాలకు పంపాము. వలస కూలీలకు సర్కారు మనిషికి 12 కిలోలు, 500 రూపాయలు ఇస్తున్నా, పసిపిల్లలున్న ఇళ్లలో అది చాలలేదు. మే 1న లింగంపల్లి నుంచి హతియాకు దేశంలోనే మొదటి శ్రామిక రైలు కదిలిందన్న వార్త వచ్చినప్పుడు, బట్టీల దగ్గరివాళ్లు మమ్మల్ని అడిగిన మొదటి మాట, మా ఊరి రైలెప్పుడని.

ఏప్రిల్ 12 ఈస్టర్. ఏటా తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకు పోతాము. ఆ ఏడు ఎవరమూ పోలేదు. ముందు రాత్రి నిద్ర పట్టక యూసేబియు అనే పాత చరిత్రకారుడు రాసిన సంఘ చరిత్ర తీశాము. అందులో మూడవ శతాబ్దపు అలెగ్జాండ్రియా అధ్యక్షుడు దియొనీసియు గారి ఈస్టర్ లేఖ ఉంది. ఊరిలో మొదట హింస, తరువాత యుద్ధం, ఆ వెనుకే తెగులు. ఇంటింటా ఏడుపు. వెలివేయబడ్డ రోజుల్లో పొలమైనా, ఎడారైనా, ఓడైనా, సత్రమైనా, చెరసాలైనా మాకు అదే పండుగ స్థలమైంది అని ఆయన తన జనానికి గుర్తు చేస్తారు. సహోదరులు రోగులను వదలక చూసుకుని, వారితో పాటే చనిపోయిన సంగతి కూడా రాస్తారు.

తెల్లవారి మేము కూడా ఒక ఈస్టర్ లేఖ రాసి, వాట్సప్‌లో మాటగా చదివి పంపాము. అందులో మన సంఘం ఆ రోజు ఎక్కడెక్కడ ఉందో ఒక్కొక్కటీ చెప్పాము. మామిడి తోటలో కాపలా గుడిసెలో ఒక కుటుంబం. యాసంగి వరి కోతకు వచ్చి, కోత మిషన్ కోసం పొలం గట్టు మీద ఎదురుచూసే అన్నదమ్ములు. కోరుట్లలో పెద్ద బిడ్డ ఇంటికి రెండు రోజులకని పోయి ఇరుక్కుపోయిన తల్లి. దుబాయి క్యాంపులో ఒక్క గదిలో ఎనిమిది మంది మధ్య పై మంచం మీద ఒక తమ్ముడు. కువైట్‌లో ఇంటిపనిలో ఉన్న ఒక చెల్లె. ఆ వాయిస్ మెసేజ్ ఎన్నిసార్లు విన్నారో తెలియదు గానీ, దుబాయి తమ్ముడు తన పేరు వచ్చిన చోట మళ్లీ మళ్లీ పెట్టుకుని విన్నానన్నాడు.

గల్ఫ్ మాట వచ్చింది కనుక కొంచెం ఆగుదాం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు గల్ఫ్ లేని ఇల్లు తక్కువ. అప్పట్లో అక్కడ మనవాళ్లకు శుక్రవారమే ఆరాధన ఉండేది, అప్పుడు ఆ రోజే సెలవు గనుక. ఆ ప్రార్థనా స్థలాలు కూడా మూతపడ్డాయి. మన రాత్రి ఏడు గంటల ప్రార్థన దుబాయిలో ఐదున్నరకు, కువైట్‌లో నాలుగున్నరకు. అంతవరకు పండుగకు పైసలు పంపేవారిగానే మేము వారిని లెక్కపెట్టాము, సంఘంగా లెక్కపెట్టలేదు. ఫోన్ గొలుసులో వారు కలిసిన తరువాతే ఆ తప్పు తెలిసింది. మే 7 నుంచి వందే భారత్ విమానాలు మొదలయ్యాయి. 9న కువైట్ నుంచి హైదరాబాదుకు మొదటిది దిగింది. టికెట్ పైసలు సొంతవి, క్వారంటైన్ ఖర్చు సొంతది, చేతిలో ఉద్యోగం లేదు.

మన దుబాయి తమ్ముడు వర్షాకాలంలో వచ్చాడు. క్వారంటైన్ అయిపోయినా ఊరివాళ్లు భయపడ్డారు. వారిని తప్పు పట్టము, మేమూ భయపడ్డాము. వాడే బాయికాడ మోటారు కొట్టంలో మరో 14 రోజులు ఉంటానన్నాడు. తల్లి రోజూ పొద్దుమాపు పొలం గట్టు మీద టిఫిన్ డబ్బా పెట్టి పదడుగులు వెనక్కి జరిగి నిలబడేది. వాడు వచ్చి తీసుకుని, తల్లికి దండం పెట్టి వెళ్లేవాడు. పొలిమేర కాడ బువ్వ అన్న మన పెద్దాయన మాట అప్పుడు గుర్తొచ్చింది. నాలుగేళ్ల తరువాత ఊరికి వచ్చిన కొడుకును ఆ తల్లి 14 రోజులు ముట్టుకోలేదు.

లూకా 17లో పదిమంది కుష్ఠరోగుల సంగతి మీకందరికీ తెలుసు. వారు ప్రభువుకు దూరంగా నిలిచి కేక వేశారు. మేము ఎన్నోసార్లు ఆ భాగం మీద ప్రసంగించాము, తిరిగి వచ్చి కృతజ్ఞత చెప్పిన ఒక్కడి గురించే మాట్లాడాము. దూరంగా నిలబడడం ఎంత కష్టమో ఎన్నడూ మాట్లాడలేదు. మనకు వంద కిలోమీటర్ల లోపే నిజామాబాద్ వైపు డిచ్‌పల్లి ఉంది. 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ అక్కడ కుష్ఠరోగుల ఆసుపత్రి పెట్టారు. రాజా నర్సాగౌడ్ గారు పెద్ద మనసుతో ధనసహాయం చేశారు. ఊళ్లు తరిమేసినవారికి అక్కడ మందుతో పాటు పొలం పని, ఇల్లు, ఆరాధన దొరికాయి. మన పెద్దలు డిచ్‌పల్లి పేరు భయంతో పలికేవారు. అక్కడి జనం మూడు నెలలు కాదు, జీవితకాలం దూరంగా నిలబడ్డారు.

జూన్ 8 నుంచి మందిరాలు తెరవవచ్చన్నారు. 14న తెరిచాము. రిజిస్టరులో ఆ రోజు వరుస చూస్తే సంఖ్య చాలా చిన్నది. మాస్కులు వేసుకుని, బెంచీకి ఇద్దరు చొప్పున కూర్చున్నారు. పాటలు మెల్లగా పాడమన్నాము. ఎవరూ మెల్లగా పాడలేదు. ప్రభు భోజనం మాత్రం ఆ తరువాత కూడా చాలాకాలం ఆపాము. ఇంట్లో రొట్టె పెట్టుకుని ఫోన్‌లో ప్రార్థన చేయమని కొందరు అడిగారు, కొన్ని సంఘాలు అలాగే చేశాయి. వారిని తప్పనడం లేదు. మాకు మాత్రం అందరం ఒక్క బల్ల దగ్గరకు రాగలిగే దాకా ఆగుదామనిపించింది. అది సరైనదో కాదో ఇప్పటికీ మా ఇంట్లోనే రెండు అభిప్రాయాలున్నాయి.

ఇంతవరకు రాసింది సులువు. 2021 రాయడం కష్టం.

ఆ ఏప్రిల్ 4 ఈస్టర్‌కు సమాధుల తోటకు పోయాము, గండం గడిచిందనుకున్నాము. నెల తిరగకముందే ఇంటింటా దగ్గు. మే 12 నుంచి రాష్ట్రంలో మళ్లీ లాక్‌డౌన్. మళ్లీ 6 ఆదివారాలు మందిరం మూసి ఉంది. రిజిస్టరులో రెండో అడ్డగీత. ఆశా అక్కలు, ఏఎన్ఎంలు ఇంటింటికీ జ్వరం సర్వే చేస్తూ గోలీల కిట్లు ఇచ్చారు. మేమిద్దరమూ పాజిటివ్ అయి ఇంట్లోనే ఉన్నాము. ఆ వారంలోనే, పిడికెడు బియ్యం దగ్గర మమ్మల్ని గద్దించిన ఆ పెద్దమ్మకు ఊపిరి ఆడలేదు. రెండు చోట్ల మంచం లేదన్నారు. మూడో చోట దొరికింది, రెండు రోజులకే పోయింది.

2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డు మీద బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయినప్పుడు మన మండలం ఎట్లా ఏడ్చిందో మీకు తెలుసు. శనివారంపేట నుంచి మొదలుకుని ఎన్ని పల్లెల్లో ఒకే రోజు పాడెలు లేచాయి. అప్పుడు ఏ మతం, ఏ కులం అని లేకుండా ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చాము. రాత్రులు ఒకరింట్లో ఒకరు పడుకున్నాము. పెద్దమ్మ కూడా ఎన్ని ఇళ్లు తిరిగిందో. ఆమె పోయినప్పుడు ఆమె ఇంటికి ఎవరమూ పోలేకపోయాము.

సమాధి దగ్గర అల్లుడు, గ్రామ పంచాయతీ సఫాయి పనిచేసే ఇద్దరు తమ్ముళ్లు, అంతే. మేము ఇంట్లో మంచం మీద కూర్చుని ఫోన్‌లో భూస్థాపన ప్రార్థన చదివాము. అల్లుడు ఫోన్ స్పీకర్ పెట్టి మట్టికుప్ప మీద ఉంచాడు. సగంలో సిగ్నల్ పోయింది. మాకు ఆ సంగతి తెలియదు, చివరిదాకా చదివి ఆమేన్ అన్నాము. అవతల ఎవరూ లేరు. పావుగంటకు ఆ సఫాయి తమ్ముళ్లలో ఒకరు ఫోన్ చేశారు. ఆయన మన సంఘం కాదు, ఏ సంఘమూ కాదు. "మీ మాట మధ్యల్నే ఆగిపోయింది అయ్యగారూ. నాకు మీ ప్రార్థన రాదు. దండం పెట్టి, అమ్మా మంచిగ పో అని మట్టేసిన. తప్పయితదా?" అన్నాడు. తప్పు కాదు తమ్మీ అన్నాము. ఇంకేమీ అనలేకపోయాము. కనీసం ఆ రోజు ఆయనకు కృతజ్ఞత కూడా సరిగా చెప్పలేదు.

ఆ ఏడు చివరన కృతజ్ఞతా కూడిక పెట్టాము. ఇళ్ల నుంచి వరి కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చారు, ఎప్పటిలాగే. పెద్దమ్మ బిడ్డ లేచి నిలబడి, "మా అమ్మ పాయె. దేనికి స్తుతి చెప్పాలె అయ్యగారూ?" అని అందరి ముందూ అడిగింది. మేము జవాబు చెప్పలేదు. అప్పటికీ లేదు, ఇప్పటికీ లేదు. ఆ రోజు ప్రసంగం పక్కన పెట్టి మార్టిన్ రింకార్ట్ గారి గురించి తెలిసింది చెప్పాము.

ఆయన జర్మనీలో ఐలెన్‌బర్గ్ అనే ఊరి పాస్టర్. ముప్పై ఏళ్ల యుద్ధం నడుస్తోంది. గోడలున్న ఊరు గనుక చుట్టుపక్కల జనమంతా అక్కడికే వచ్చి పడ్డారు. 1637లో తెగులు వచ్చింది. తోటి పాస్టర్లు కొందరు చనిపోయారు, ఒకరు వెళ్లిపోయారు. ఆయన ఒక్కడే రోజుకు నలభై, యాభై భూస్థాపనలు చేశారు. ఆ ఒక్క ఏడు దాదాపు 4,480 మందిని పాతిపెట్టారని లెక్క. అందులో ఆయన భార్య కూడా ఉంది. జర్మనీలో కృతజ్ఞత అనగానే అందరూ పాడే పాట ఆయనదే. ఆ శవాల మధ్యనే ఆ పాట రాశారని ప్రసంగాలలో చెబుతుంటారు, మేమూ ఒకప్పుడు అలాగే చెప్పాము. తరువాత చూస్తే తారీఖులు అలా లేవు. ఆ పాట అంతకు ముందే, 1636 నాటికే ఉంది. తన పిల్లలు అన్నం ముందు చెప్పుకోవడానికి రాసిన చిన్న ప్రార్థన అది. మాకు ఈ సంగతే ఎక్కువ నచ్చింది. భార్యను పాతిపెట్టి ఇంటికి వచ్చిన రాత్రి కూడా ఆ ఇంట్లో పిల్లలకు అన్నం పెట్టే ఉంటారు కదా. అప్పుడు ఆ మాటలు నోటికి వచ్చాయో, గొంతులోనే ఆగాయో.

పెద్దమ్మ బిడ్డ అంతా విని కూర్చుంది. కూడిక అయిపోయాక తన సంచిలోంచి తల్లి వాడిన బియ్యం డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. అందులో మే నెల బియ్యం ఉన్నాయి. పురుగు పట్టాయి. సెక్రటరీ గారు ఏం చేయాలని మా వైపు చూశారు. కానుకలలో రాయమన్నాము. రాశారు.

ఆ వారమే మేము సఫాయి తమ్ముడి ఇంటికి పోయాము, ఏడు నెలలు ఆలస్యంగా. ఆశా అక్క ఇంటికి కూడా పోయాము. ఆమె తలుపు తీసి, "ఏమైంది, ఎవరికన్న జరమా?" అంది. వందనాలు చెప్పడానికి వచ్చామంటే నమ్మలేదు. చాయ్ పెట్టింది.

ఇప్పుడు ఆ రిజిస్టరు మా బల్ల మీద ఉంది. రెండు అడ్డగీతల పక్కన ఖాళీ జాగా ఉంది. 2020 మార్చి 22 నుంచి జూన్ 7 వరకు, 2021 మే 16 నుంచి జూన్ 20 వరకు, ఆ 18 ఆదివారాల్లో మీ ఇంట్లో ఏ వాక్యం చదివారో, ఎవరు ప్రార్థించారో, ఎవరు ఏ గింజలు పంపారో గుర్తున్నవారు సెక్రటరీ గారికి చెప్పండి. గల్ఫ్‌లో ఉన్నవారు వాయిస్ మెసేజ్ పెట్టినా చాలు. పెన్సిల్‌తో కాదు, పెన్నుతోనే రాయమని ఆయనకు చెప్పాము.